ఫోనులోని నోటుపుస్తకము ఎవరి చేతిలో ఉన్నది?

మన ఇండ్లలో వ్రాతకు చోటు మారిపోయినది. ఒకప్పుడు పాల లెక్క, చీటీ పాట వాయిదాలు, పిల్లల టీకాల తేదీలు ఒక అట్ట పుస్తకములోనో, గోడ మీది క్యాలెండరు వెనుకనో, ట్రంకుపెట్టెలోని పాత డైరీలోనో ఉండేవి. ఇప్పుడు అవన్నియు ఫోనులోనికి వెళ్లినవి. కౌలు ఎంతకు మాటలాడుకొన్నామో, ఎరువుల కొట్టులో ఎంత బాకీ ఉన్నదో, ఇల్లు కట్టు మేస్త్రీకి ఎన్ని దఫాలుగా డబ్బు ఇచ్చామో, అమ్మ వేసికొను బి.పి. మాత్ర ఏదో, పొలము సర్వే నెంబరు ఎంతో, అంతయు అందులోనే. పెద్ద చదువు లేని తల్లులు కూడ మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పి వ్రాయించుకొనుచున్నారు. ఆదివారము ప్రసంగము జరుగుచుండగా యౌవనస్థులు ఫోనులో వ్రాసికొనుచుంటే కొందరు పెద్దలు విసుగుకొందురు గాని మేము విసుగుకొనము. వ్రాసికొనువాడు వినుచున్నాడని మా నమ్మకము. (అదే ఫోనులో ఇంకేదో చూచువారి సంగతి వేరు!)

ఈ మధ్య మమ్ములను అనేకులు అడుగుచున్న ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, నోట్సు వ్రాసికొనుటకు ఏ యాప్ మంచిది?" అడిగినవారిలో ఎక్కువమంది రంగుల గూర్చి, అక్షరముల అందము గూర్చి, డబ్బు కట్టవలెనా వద్దా అను దాని గూర్చి ఆలోచించుచున్నారు. మేము వారిని తిరిగి ఒకటే అడుగుదుము. "ఇందులో మీరు వ్రాసినది రేపు మీరు బయటకు తీసికొనగలరా? మీరు లేనప్పుడు మీ ఇంటివారు తీసికొనగలరా?" యాప్ ఎన్నిక అంతయు మా దృష్టిలో ఈ ప్రశ్న చుట్టే తిరుగుచున్నది. అందుచేత ఈ నెల దీనిని గూర్చి కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

కంపెనీ పుస్తకములో మన వ్రాత

బజారులో నోటుపుస్తకము కొంటే కొట్టువాడు మరల మన ఇంటికి వచ్చి, "నీవు ఏబది పేజీలకు మించి వ్రాయరాదు" అనడు. పుస్తకము చేసిన కంపెనీ మూతబడినను మన వ్రాత చెరగదు. ఫోనులోని పుస్తకము అటువంటిది కాదు. మనము వ్రాసినది చాలసార్లు మన ఫోనులో కాక ఎక్కడో కంపెనీవారి సర్వరులో ఉండును. అక్కడ నియమములు వారివి.

జరిగిన సంగతులే చెప్పెదము. గూగుల్ సంస్థ 2006లో గూగుల్ నోట్‌బుక్ అను సదుపాయమును ఆరంభించినది. 2009లో దానిని వృద్ధి చేయుట మానినది, 2012లో మూసివేసినది. అందులోని వ్రాతలను తమ మరియొక సదుపాయములోనికి మార్చి ఇచ్చారు గనుక అన్యాయము చేశారని మేము అనము. కాని ఆ పుస్తకమునకు అలవాటు పడినవారు క్రొత్తదానికి మారక తప్పలేదు. 2013లో గూగుల్ కీప్ వచ్చినది. మన ఆండ్రాయిడ్ ఫోనులలో ఎక్కువగా కనబడు నోట్సు యాప్ నేడు అదే.

ఎవర్‌నోట్ సంగతి ఇంకను స్పష్టము. 2008లో అందరి వాడుకకు వచ్చిన ఆ యాప్ ప్రపంచమంతట పేరు పొందినది. ఉచితముగా వాడువారు లక్షలాదిగా అందులో తమ వ్రాతలు దాచుకొన్నారు. 2016లో ఉచిత వాడుకను రెండు పరికరములకు పరిమితము చేశారు. ఆ తరువాత బెండింగ్ స్పూన్స్ అను ఇటలీ దేశపు సంస్థ దానిని కొన్నది. 2023 డిసెంబరు నుండి ఉచితముగా వాడువారికి 50 నోట్సు, ఒక్క నోటుపుస్తకము మాత్రమే అని నియమము పెట్టారు. పాత వ్రాతలు తీసివేయలేదు. చదువుకొనవచ్చును, బయటకు తీసికొనవచ్చును. క్రొత్తది వ్రాయవలెనంటే మాత్రము డబ్బు కట్టవలెను. ఇందులో మోసము లేదు. కంపెనీకి జీతములు ఇవ్వవలెను, సర్వరులకు కరెంటు కట్టవలెను. మా మాట అది కాదు. ఏండ్ల తరబడి వ్రాసినవాడు తన వ్రాతను గూర్చిన నిర్ణయములో తనకు మాట లేదని ఒక దినమున తెలిసికొన్నాడు. మేము చెప్పునది అంతవరకే.

ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో ఈ రెంటికిని ఒకటే మాట గనుక అక్కడివారు తరచు తికమక పడుదురు. మన తెలుగునకు ఆ చిక్కు లేదు. డబ్బు తీసికొననిది ఉచితము. మన ఇష్టము వచ్చినట్లు వాడుకొనుటకు, విప్పి చూచుటకు, బాగుచేసికొనుటకు, పొరుగువానికి ఇచ్చుటకు హక్కు ఉన్నది స్వేచ్ఛ.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ఆయన ఈ స్వేచ్ఛ కొరకు గ్నూ అను పనిని ప్రకటించారు. సాఫ్ట్‌వేరు అనగా కంప్యూటరుకు చెప్పు ఆజ్ఞల వ్రాత. ఆ వ్రాతను సోర్సు కోడు అందురు. దానిని దాచిపెట్టి, తయారైన యాప్‌ను మాత్రము ఇచ్చువారు ఎక్కువ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఇచ్చువారు ఆ వ్రాతను కూడ బహిరంగముగా ఉంచి, లైసెన్సు ద్వారా హక్కులను వ్రాసి ఇత్తురు. 1998 నుండి దీనినే ఓపెన్ సోర్స్ అని కూడ పిలుచుచున్నారు. స్వేచ్ఛ అను పేరుతోనే మన హైదరాబాదులో ఒక సంస్థ ఉన్నది. తెలుగులో నడచు కంప్యూటరు వ్యవస్థను సిద్ధపరచుట వారు చేసిన పనులలో ఒకటి.

రైతు సోదరులకు ఇది విత్తనము సంగతిగా చెబితే వెంటనే అర్థమగుచున్నది. హైబ్రిడ్ ప్రత్తి విత్తనము పంట బాగుగానే ఇచ్చును. కాని ఆ పంటలోనుండి తీసిన గింజ మరుసటి ఏడు అదే పంట ఇవ్వదు గనుక ప్రతి సంవత్సరము ప్యాకెట్టు కొనవలసినదే. ధర వారు చెప్పినదే. ఇంటి విత్తనమైతే గాదెలోనుండి తీసి చల్లుకొందుము, పొరుగువాడు అడిగితే రెండు శేర్లు ఇత్తుము. దిగుబడి కొంత తక్కువ ఉండవచ్చును. ఓపెన్ సోర్స్ యాప్‌ల సంగతి చాలవరకు ఇట్లే. కొన్నింటిలో సోకు తక్కువ. కాని గింజ మన గాదెలో ఉండును.

"మాకు ఆ కోడు చదువ రాదు గదా, అది బహిరంగమైతే మాకేమి లాభము?" అని ఒక డిగ్రీ చదువు అబ్బాయి మమ్ములను అడిగాడు. మంచి ప్రశ్న. మనకు పొలము కొలతలు వేయ రాకపోయినను గ్రామపటము అందరికి కనబడునట్లు ఉంటే తెలిసినవాడు ఒకడైనను తప్పు పట్టుకొనును. అంతకంటె బలమైన జవాబు 2023 చివరలో జరిగిన ఒక సంగతిలో ఉన్నది.

టిబోర్ కపుటా అను ఆయన ఆరంభించిన సింపుల్ మొబైల్ టూల్స్ అను యాప్‌ల గుంపు ఉండేది. గ్యాలరీ, క్యాలెండరు, ఫైళ్లు, నోట్సు మొదలైనవి అందులో ఉండేవి. ప్రకటనలు లేవు, అవసరము లేని అనుమతులు అడుగవు. కోడు జి.పి.ఎల్. అను లైసెన్సు క్రింద బహిరంగముగా ఉండేది. 2023 చివరలో ఆయన ఆ యాప్‌లను జిప్పోయాప్స్ అను సంస్థకు అమ్మివేశారు. యాప్‌లను కొని వాటి మీద ఆదాయము సంపాదించుట ఆ సంస్థ వ్యాపారము. వాడువారు కలత చెందారు. సాధారణముగా కథ ఇక్కడ ముగియవలెను. కాని ఆ యాప్‌లకు చాల కాలము తోడ్పడిన నవీన్ సింగ్ అను డెవలపరు, బహిరంగముగా ఉన్న ఆ కోడును తీసికొని, ఫాసిఫై అను క్రొత్త పేరుతో అవే యాప్‌లను కొనసాగించారు. ఎవరి అనుమతి అడుగ పనిలేదు, లైసెన్సే అనుమతి. అదే గ్యాలరీ, అదే క్యాలెండరు, అదే నోట్సు క్రొత్త పేరుతో నేడును దొరుకుచున్నవి. పేరు అమ్ముడుపోయినది గాని పని అమ్ముడుపోలేదు. కోడు చదువ రానివారికి లాభమేమి అంటే, చదువ వచ్చినవాడు ఒకడు మన కొరకు దానిని నిలువబెట్టుటకు దారి తెరచియుండుటయే.

యాప్ తెరచియుండి, వ్రాత మూసియుంటే?

ఓపెన్ సోర్స్ అను ముద్ర చూచి అంతటితో ఆగరాదు. ఉదాహరణకు సింపుల్‌నోట్ అను యాప్ ఉన్నది. చాల తేలిక, చాల వేగము. ఫోనులో మనము వేసికొను యాప్ కోడును 2016లో బహిరంగము చేశారు. కాని మన వ్రాతలు వెళ్లి కూర్చుండు సర్వరు కోడు బహిరంగము కాదు. ఇంటికి తలుపు మనది, గాదె మాత్రము ఎవరిదో అన్నట్లు. అబ్సిడియన్ అను మరియొక యాప్ దీనికి సరిగా తిరుగుగా ఉన్నది. అది ఓపెన్ సోర్స్ కాదు. అయినను వ్రాతలను మన కంప్యూటరులోనే సాదా ఫైళ్లుగా ఉంచును గనుక యాప్ పోయినను వ్రాత పోదు. లైసెన్సు ఒకటి, వ్రాత ఏ రూపములో ఉన్నది అనునది మరియొకటి. రెండును చూడవలెను. రెంటిలో ఒకటే దొరికితే మేము రెండవదానినే కోరుకొందుము.

వ్రాత రూపము అంటే ఏమిటో మన సంఘములలో పాటల ప్రతులు, కరపత్రములు వేయించినవారికి బాగుగా తెలుసు. పదిహేను ఇరువది ఏండ్ల క్రిందట డి.టి.పి. కొట్టులో టైపు చేయించిన తెలుగు ఫైళ్లు నేడు తెరచి చూడండి. ఆ ఫాంటు మీ కంప్యూటరులో లేకుంటే తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలిసిన గందరగోళము కనబడును. ఆ ఫాంటులలో ప్రతి తెలుగు అక్షరమును ఏదో ఒక ఇంగ్లీషు అక్షరము స్థానములో దాచిపెట్టేవారు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధముగా దాచెను. వందలాది పాటలు కష్టపడి టైపు చేయించిన సంఘములు వాటిని మరల మొదటినుండి టైపు చేయించుకొనవలసి వచ్చినది. 1991లో వచ్చిన యూనికోడులో తెలుగు అక్షరములకు సొంత స్థానములు ఇచ్చారు. అందుచేతనే నేడు వాట్సాప్‌లో మనము పంపిన తెలుగు మాట అమెరికాలోనున్న బిడ్డ ఫోనులో కూడ తెలుగుగానే కనబడుచున్నది. మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుచున్నవి. ఆ లైసెన్సు పేరు ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సు. దానిని వ్రాసిన ఎస్.ఐ.ఎల్. 1934లో ఆరంభమై, బైబిలు అనువాదముతో దగ్గర సంబంధమున్న భాషా సంస్థ అని చెబితే మన పాఠకులు సంతోషింతురు.

నోట్సు యాప్‌లో కూడ ఇదే చూడవలెను. సాదా వ్రాత, అనగా టెక్స్ట్ ఫైలు, ఏ కంప్యూటరులోనైనను ఏ ఫోనులోనైనను తెరచుకొనును. అందులోనే శీర్షికలు, వరుసలు కావలెనంటే మార్క్‌డౌన్ అను పద్ధతి ఉన్నది. 2004లో జాన్ గ్రూబర్ అను ఆయన దీనిని ప్రకటించారు. శీర్షిక ముందు ఒక హాష్ గుర్తు, వరుసలోని ప్రతి మాట ముందు ఒక చిన్న గీత పెట్టుటయే. యాప్ లేకపోయినను కంటితో చదువుకొనవచ్చును. పల్లెటూరి కిరాణా లెక్క కంటె కష్టమైనది ఏమియు అందులో లేదు.

ఎవరికి ఏది?

ఇంటర్నెట్ సరిగా అందని గ్రామములలో ఉండి, ఒక్క ఆండ్రాయిడ్ ఫోనే ఉన్న కుటుంబమునకు మేము మొదట చెప్పునది మార్కర్. ఇంగ్లీషులో సి-హెచ్ లేదు, కె ఉన్నది; వెదకునప్పుడు చూచుకొనండి. ఇది వ్రాసిన ప్రతి నోటును ఫోనులో మనము చెప్పిన ఫోల్డరులో ఒక్కొక్క సాదా ఫైలుగా ఉంచును. ఇంటర్నెట్ అక్కరలేదు, ఖాతా తెరువ పనిలేదు, ఫోను నెంబరు ఇవ్వ పనిలేదు. ఆ ఫోల్డరును మెమరీ కార్డు మీదికి ఎత్తుకొంటే చాలు. చూపునకు అంత అందముగా ఉండదు; మొదటి దినమున కొంచెము మొరటుగా తోచును. సామానుల జాబితా, పాల లెక్క వంటి చిన్న అవసరములకు పైన చెప్పిన ఫాసిఫై నోట్సు ఇంకను తేలిక. ముసలివారు కూడ వాడగలరు.

ఫోనుతోపాటు ఇంట్లో కంప్యూటరు ఉన్నవారికి, చదువుకొను పిల్లలకు, ప్రతి వారము ప్రసంగము సిద్ధపరచుకొను సేవకులకు జాప్లిన్ బాగుగా సరిపోవును. లొరాన్ కోజిక్ అను ఆయన ఆరంభించిన యాప్ ఇది. స్కాట్ జాప్లిన్ అను సంగీతకారుని పేరు దీనికి పెట్టారు. విండోస్, మాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోను అన్నింటిలో పని చేయును. డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ వంటి చోట్ల మనకున్న ఖాతా ద్వారా ఫోనునకును కంప్యూటరునకును వ్రాతలను కలిపి ఉంచును. ఎవర్‌నోట్‌లోనుండి వచ్చువారి పాత వ్రాతలను లోనికి తీసికొనును. ఒక్క సంగతి గమనించవలెను. ఇది మార్కర్ వలె విడివిడి ఫైళ్లుగా ఉంచక, తన సొంత పెట్టెలో ఉంచును. కంప్యూటరులో ఎక్స్‌పోర్ట్ అను మీట నొక్కితే అన్నియు మార్క్‌డౌన్ ఫైళ్లుగా బయటకు వచ్చును. కాబట్టి అప్పుడప్పుడు ఆ మీట నొక్కు అలవాటు ఉండవలెను.

తాళము బలముగా ఉండవలెను అనుకొనువారికి స్టాండర్డ్ నోట్స్, నోట్స్‌నూక్ అనునవి ఉన్నవి. స్టాండర్డ్ నోట్స్ 2024 ఏప్రిలులో స్విట్జర్లాండులోని ప్రోటాన్ సంస్థలో చేరినది. ఉచితముగా వాడువారికి సాదా వ్రాత మాత్రమే దొరుకును. మన అవసరములకు అది చాలును. నోట్స్‌నూక్ మన పొరుగు దేశమైన పాకిస్తానులోని ఒక చిన్న బృందము చేసినది; 2022లో కోడును బహిరంగము చేశారు. ఈ రెంటిలోను మన వ్రాత మన ఫోనులోనే తాళము పడి, ఆ తరువాతే సర్వరునకు వెళ్లును. సర్వరు నడుపువారు కూడ దానిని చదువలేరు. జాప్లిన్‌లో కూడ ఈ తాళము ఉన్నది గాని మనమే వేసికొనవలెను.

ఈ యాప్‌లలో చాలవరకు ప్లే స్టోరులోనే దొరుకును. 2010లో ఆరంభమైన ఎఫ్-డ్రాయిడ్ అనునది ఓపెన్ సోర్స్ యాప్‌లకే ప్రత్యేకమైన కొట్టు. వాడువారికి నచ్చని గుణము ఏదైనను యాప్‌లో ఉంటే అక్కడ పేజీ మీదనే వ్రాసి పెట్టుదురు. ఎఫ్-డ్రాయిడ్‌ను వారి సొంత వెబ్‌సైటునుండి మాత్రమే వేసికొనవలెను. ఈ సందర్భములో తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో పెండ్లి శుభలేఖ అనియు, పి.ఎం. కిసాన్ అనియు, బ్యాంకు కె.వై.సి. అనియు చెప్పి ఎ.పి.కె. ఫైళ్లు పంపువారు ఉన్నారు. వాటిని నొక్కి బ్యాంకులోని డబ్బు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. ఎవరు పంపినను, చివరకు పాస్టరుగారి నెంబరునుండి వచ్చినను, అటువంటి ఫైలును ఫోనులో వేయవద్దు.

తాళము, తాళపు చెవి

మా ప్రాంతములో ఒక గ్రామమున ఒక సహోదరుడు కౌలు సేద్యము చేయుచు, తీరిక దినములలో ఆటో నడిపేవాడు. లెక్కలలో చాల శ్రద్ధగలవాడు. వడ్డీకి తెచ్చినది, తీర్చినది, తేదీలతో సహా ఫోనులో వ్రాసికొనేవాడు. ఒక రాత్రి గుండెపోటుతో చనిపోయాడు. నెల తిరుగకముందే అప్పు ఇచ్చిన మనిషి వచ్చి అసలంతయు అట్లే ఉన్నదన్నాడు. "రెండుసార్లు కట్టామండీ, ఆయన ఫోనులో వ్రాసుకొన్నారు" అని ఆమె చెప్పినది. ఫోను తెరచు గీత పెద్దబ్బాయికి తెలుసు. కాని నోట్సు యాప్‌నకు వేరుగా పాస్‌వర్డు పెట్టాడు. అది ఎవరికిని తెలియదు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఆటో నెంబరు, అన్నియు కొట్టి చూశారు. ఆ యాప్ చేసినవారికి వ్రాస్తే, ఈ తాళము తాము కూడ తీయలేమని జవాబు వచ్చినది. అది నిజమే, అటువంటి తాళము గుణమే అది. చివరకు పెద్దల యెదుట కూర్చుండి అప్పిచ్చిన మనిషి చెప్పిన లెక్కకే ఆమె ఒప్పుకొనవలసి వచ్చినది. ఆటో అమ్మివేశారు.

తాళము చెడ్డదని మేము చెప్పుట లేదు. మా వంటి సేవకులు గృహదర్శనములలో వినిన సంగతులు, భార్యాభర్తల తగవులు, త్రాగుడు మానలేక ఏడ్చినవాని మాటలు, ఒక ఆడబిడ్డ తల్లికి కూడ చెప్పని సంగతి, ప్రార్థన కొరకు వ్రాసికొందుము. ఫోను ఆటోలో జారిపోయినను, బాగుచేయు కొట్టులో రెండు దినములు ఉన్నను ఆ వ్రాత మరియొకని కంటబడరాదు. అటువంటి దానికి బలమైన తాళమే తగినది. మా అభిప్రాయములో పేర్లు పూర్తిగా వ్రాయకుండుట ఇంకను మేలు. సేవకుడు చనిపోతే ఆ వ్రాత ఆయనతోనే పోయినను నష్టము లేదు.

ఇంటి లెక్కల సంగతి దీనికి తిరుగు. అవి మనము లేనప్పుడే ఎక్కువగా అవసరమగును. కాబట్టి రెంటిని ఒకే యాప్‌లో, ఒకే తాళము క్రింద పెట్టవద్దని మేము చెప్పుచున్నాము. గోప్యమైనవి నోట్స్‌నూక్ వంటి దానిలో. అప్పులు, సర్వే నెంబర్లు, బీమా పాలసీ నెంబరు, మందుల పేర్లు మార్కర్ వంటి సాదా దానిలో, ఫోనుకున్న తాళము తప్ప వేరే తాళము లేకుండ. ఆ ఫోను తాళము భార్యాభర్తలిద్దరికిని తెలియవలెను. "నా ఫోను ఆమెకెందుకు?" అను పురుషులు మన సంఘములలో ఉన్నారని మేము ఎరుగుదుము. తమ తరువాత అప్పులవానికి జవాబు చెప్పవలసినది ఆమెయే అని వారికి జ్ఞాపకము చేయుచున్నాము. బ్యాంకు కార్డు పిన్, ఓ.టి.పి. వంటివి మాత్రము ఏ యాప్‌లోను వ్రాయరాదు. గోప్యమైన దానికి పెట్టుకొన్న పాస్‌వర్డును, యాప్ ఇచ్చు రికవరీ కీ అను పొడుగాటి అక్షరముల వరుసను కాగితము మీద వ్రాసి, ఇంట్లో ఎవరైనను తెరువవలెనని మీరు కోరితే పట్టాదారు పాసుపుస్తకము ఉన్న కవరులోనే ఉంచండి. తెరువకూడదని కోరితే వేరుచోట ఉంచండి.

ముందుగా పది నోట్సు

క్రొత్త యాప్ వేసిన దినముననే పాత వ్రాతలన్నియు అందులోనికి చేర్చవద్దు. పది నోట్సు వ్రాసి చూడండి. తెలుగులోనే వ్రాయండి, ఒత్తులు, దీర్ఘములు సరిగా కనబడుచున్నవో లేదో, మైకుతో చెప్పినది సరిగా పడుచున్నదో లేదో చూడండి. తరువాత వెదకు గడిలో ఒక మాట కొట్టండి. ఇక్కడ తెలుగునకు ఒక చిక్కు ఉన్నది. "ఫోన్‌లు" వంటి మాటలలో పొల్లు తరువాత కంటికి కనబడని ఒక గుర్తును కొన్ని కీబోర్డులు చేర్చును, కొన్ని చేర్చవు. చదువుటకు రెండును ఒకటే, యంత్రమునకు వేరువేరు. అందుచేత వెదకునప్పుడు మాట మొత్తము కాక మొదటి రెండు మూడు అక్షరములు కొట్టుట మంచిది. మేము ప్రతి నోటు పైన ఊరి పేరు, సంవత్సరము తప్పక వ్రాయుదుము. వెదకుటకు అంతకంటె మంచి ఉపాయము మాకు దొరుకలేదు.

ఇక ముఖ్యమైన పరీక్ష. ఆ పది నోట్సును బయటకు తీసి, ఇంట్లో మరియొకరి ఫోనులో, ఆ యాప్ లేని ఫోనులో, తెరచి చూడండి. తెలుగు తెలుగుగా కనబడితే, వరుసలు చెదరకుంటే, ఆ యాప్‌ను నమ్మవచ్చును. బయటకు తీయు మీట ఎక్కడున్నదో అరగంట వెదకినను దొరుకకుంటే దానిని తీసివేసి మరియొకటి చూడండి. గూగుల్ కీప్‌లో ఇప్పటికే ఏండ్ల వ్రాతలు ఉన్నవారు కంగారు పడనక్కరలేదు. గూగుల్ టేకౌట్ అను సదుపాయము ద్వారా వాటినన్నిటిని ఒకేసారి దించుకొనవచ్చును. కంప్యూటరు ఉన్న పిల్లవానిని దగ్గర కూర్చుండబెట్టుకొని ఒక సాయంత్రము ఆ పని చేయించండి.

నెలకొకసారి, సంస్కారపు ఆదివారము సాయంత్రము అని మేము అలవాటు చేసికొన్నాము, ఆ ఫోల్డరును పెన్ డ్రైవులోనికి ఎక్కించి బీరువాలో పెట్టండి. అప్పుల పేజీని మాత్రము జిరాక్సు కొట్టులో ప్రింటు తీయించండి. ఒక కాగితమునకు అయ్యే ఖర్చు ఒక టీ ఖర్చు కంటె తక్కువే. యాప్ ఏదైనను సరే, ఫోనులో మనము వ్రాసికొన్నది మన వైపు లెక్క మాత్రమే. డబ్బు కట్టిన ప్రతిసారి ప్రామిసరీ నోటు వెనుక తేదీతో చెల్లు వేయించి, పుచ్చుకొన్నవాని చేత సంతకము పెట్టించండి. ఆ చెల్లును అక్కడికక్కడే ఫోనులో ఫోటో తీసి, లెక్కలున్న ఫోల్డరులోనే ఉంచండి.